మెరుపు తుడిచేసిన ముఖం

అద్దం మీద మెరుపు ఎంతకీ పోవడం లేదు.

స్టూడియోలో ఆస్పత్రి సెట్టు వేశారు. గదికీ వరండాకీ మధ్య నిలువెత్తు అద్దం. అద్దానికి ఇవతల మంచం మీద చావుబతుకుల్లో ఉన్న కొడుకు. అవతల వరండాలో తల్లి. కెమెరా గదిలో ఉంది, కొడుకు తలాపు వైపు. తల్లి ముఖం అద్దంలోంచి కనిపించాలి. కానీ గదిలో ఏ మూల లైటు పెట్టినా, అది అద్దంలో తెల్లటి మచ్చలా తేలి, సరిగ్గా ఆ ముఖం ఉండవలసిన చోటే వచ్చి కూర్చుంటోంది.

ఉమాపతి పొద్దున్నుంచీ ఆ మచ్చతోనే పోట్లాడుతున్నాడు. అతను కరీముల్లా మాస్టారి దగ్గర కొన్నేళ్ళుగా కెమెరా అసిస్టెంటు. మాస్టారు చాలా సినిమాలకు కెమెరా పట్టిన మనిషి. మాట తక్కువ. శిష్యులకు పని చెప్పేవాడు గానీ పాఠం చెప్పేవాడు కాదు.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి కాసేపు అద్దం ముందు నిలబడ్డాడు. లైట్లను పక్కకీ పైకీ జరిపించాడు. కెమెరా వెనకాల నల్లగుడ్డ కట్టించాడు. మచ్చ కరిగి పక్కకి పాకి, తల్లి భుజం పక్కన సన్నటి గీతలా మిగిలింది.

"ఇది కూడా తీసేద్దామా మాస్టారూ?" అన్నాడు ఉమాపతి.

"ఉండనీ. అక్కడ అద్దం ఉందని తెలియాలిగా."

ఆ సాయంత్రమే మాస్టారు మద్రాసు వెళ్ళాలి. అంతకు ముందు తీసిన సినిమా ప్రింట్లు లాబ్‌లో తయారవుతున్నాయి, రంగులు సరిచూసుకోవాలి. మర్నాటి షాటు ఉమాపతికి అప్పగించాడు. మొదటిసారి అప్పగించడం. "లైట్లు కదపకు. ఇట్లాగే తీసెయ్యి," అని చెప్పి రైలెక్కాడు.

ఉమాపతికి ఆ గీత నచ్చలేదు.

నిజానికి అతనికి ఏ మెరుపూ నచ్చదు. మాస్టారికి పని లేని రోజుల్లో అతను కూల్‌డ్రింకు సీసాలకీ, సబ్బులకీ ప్రకటనలు తీసేవాడు. సీసా మీద ఒక్క మచ్చ లేకుండా తీస్తాడని పేరొచ్చింది. ఆ పేరు తెచ్చిపెట్టింది ఒక ఫిల్టరు. పోలరైజర్ అంటారు. చూడ్డానికి చలవ కళ్ళద్దం ముక్కలాంటి గుండ్రటి గాజు. గాజు మీదో నీళ్ళ మీదో పడి తిరిగొచ్చే వెలుతురు ఒక వాటంగా వస్తుంది. లెన్సు ముందు ఈ ఫిల్టరు పెట్టి మెల్లిగా తిప్పితే, ఒకచోట ఆ వాటం వెలుతురు మొత్తం ఆగిపోతుంది. చెరువు మీద తళతళ పోయి అడుగున రాళ్ళు కనిపిస్తాయి. అద్దం మీద ప్రతిబింబం పోయి లోపలి వస్తువు కనిపిస్తుంది. లైట్ల ముందు కూడా ఇదే రకం పలచటి, వెలుతురు దూరే రేకులు కడితే ఇక చెప్పక్కర్లేదు. దేని మీదా ఏ మెరుపూ మిగలదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఉమాపతి గదిలో లైట్లన్నిటి ముందూ ఆ రేకులు కట్టించాడు. లెన్సు ముందు ఫిల్టరు పెట్టి తిప్పాడు. అద్దం మీద గీత చెరిగిపోయింది. అప్పుడు వరండా గోడ కంటపడింది. దానికి వేసిన నూనెరంగు నిగనిగలాడుతోంది. వరండా లైట్లకి కూడా రేకులు కట్టించాడు. గోడ చల్లారింది. రేకుల వల్ల వెలుతురు తగ్గిపోయింది కాబట్టి ఇంకా లైట్లు తెప్పించాడు, దగ్గరికి జరిపించాడు. ఫ్లోరంతా పొయ్యిలా వేడెక్కింది.

దర్శకుడు విశ్వం వచ్చి కెమెరాలోంచి చూశాడు. "అద్దం ఏదయ్యా?" అన్నాడు.

"ఉంది సార్. కనిపించదు."

విశ్వం అతని భుజం తట్టాడు.

తల్లి వేషం వేస్తున్నది మాణిక్యాంబ. తెనాలి వైపు నాటకాల్లో ఒకప్పుడు పెద్ద పేరు. ఇప్పుడు జుట్టు నెరిసిపోయింది, నడుము కాస్త వంగింది. సినిమా ఆమెకి కొత్త. మేకప్ మనిషి గ్లిసరిన్ సీసా తీసుకుని దగ్గరికి వెళ్తే చేత్తోనే వద్దంది.

"కళ్ళలో నీళ్ళు రావాలి కదమ్మా," అన్నాడు విశ్వం.

"వస్తాయి బాబూ," అంది. తర్వాత ఉమాపతి వైపు తిరిగి, "నేను ఎక్కడ నిలబడాలి నాయనా?" అని అడిగింది.

అతను నేల మీద సుద్దతో గీసిన గుర్తు చూపించాడు. ఆమె చెప్పులు విడిచి ఆ గుర్తు మీద నిలబడింది.

షాటు మొదలైంది. ఆమె వరండాలోంచి వచ్చి అద్దం దగ్గర ఆగింది. మంచం మీద మనిషిని చూసింది. అరచెయ్యి అద్దానికి ఆనించింది. చెప్పమన్న మాట ఒకటుంది, "నాన్నా, వచ్చానురా" అని. అది చెప్పలేదు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అద్దం మీద చెయ్యి మెల్లిగా కిందికి జారింది.

ఫ్లోరు మీద చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది. పైన లైటు పట్టుకున్న మనిషి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. విశ్వం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కట్ చెప్పడం మర్చిపోయాడు.

ఉమాపతి కన్ను వ్యూఫైండర్‌కి అంటుకుని ఉంది. అతను అద్దం నాలుగు అంచులూ వెతుకుతున్నాడు. పై మూల, కింది మూల, ఆమె చెయ్యి పక్కన, భుజం పక్కన. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. అతని గుండె సంతోషంతో కొట్టుకుంది.

కట్ అన్నాక ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది. ఎవరో స్టూలు తెచ్చారు. మంచినీళ్ళు తెచ్చారు. అవి తాగి, "మళ్ళీ చెయ్యమని అడక్కండి బాబూ. నా వల్ల కాదు," అంది.

"అక్కర్లేదమ్మా," అన్నాడు విశ్వం.

*

అప్పట్లో తీసిన ఫిల్ము మద్రాసు వెళ్ళి కడిగించుకుని వస్తేగానీ ఏం తీశామో తెలిసేది కాదు. రీళ్ళు తిరిగి వచ్చేసరికి మాస్టారు కూడా ఊళ్ళోకి వచ్చేశాడు. విశ్వం అందరినీ ప్రివ్యూ థియేటర్‌కి రమ్మన్నాడు. మాణిక్యాంబకి కారు పంపించాడు. "మీరు చేసింది మీరే చూసుకోవాలమ్మా," అని ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. బయట వాన ముసురు పట్టింది. గదిలో తడిసిన గొడుగుల వాసన.

దీపాలు ఆర్పారు. తెర వెలిగింది.

మొదట్లో ఎవరో మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టబోయారు. అద్దం లేదు. తల్లి వరండాలోంచి నడిచి వచ్చి గాల్లో చెయ్యి ఆనించి నిలబడినట్టుంది.

తర్వాత ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

తెర మీద ముఖం పొడిగా ఉంది. నుదురూ, బుగ్గలూ, ముక్కూ అంతా ఒకే మాదిరి, తడిపి ఆరబెట్టిన మట్టిలాగా. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో చుక్క వెలుగు లేదు. పెదవులు కదిలాయి. ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా కదిలాయి. చెయ్యి జారింది. అలసిపోయి దించినట్టు జారింది.

షాటు అయిపోయింది. దీపాలు వెయ్యమని విశ్వం వెంటనే చెప్పలేదు.

"మరి ఆవేళ అందరం ఏడ్చాం కదయ్యా," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "ఇక్కడ ఏదీ?"



"స్టేజీ వేరు, కెమెరా వేరు," అన్నాడు మళ్ళీ. "దూరం నుంచి చూస్తే ఏడ్చినట్టే ఉంటుంది. కెమెరా దగ్గర నుంచి చూస్తుంది. లేనిది ఉన్నట్టు చూపించదు."

అతను దురుసు మనిషి కాదు. ఆశ పెట్టుకున్న షాటు పోయిందన్న దిగులులో పక్కన ఆమె ఉన్న సంగతి మర్చిపోయాడు.

మాణిక్యాంబ ఇంకా ఖాళీ తెరకేసే చూస్తోంది.

"నేను ఏడవలేదా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టుంది. విశ్వం కంగారు పడి, "అది కాదమ్మా, మళ్ళీ చూద్దాం, గ్లిసరిన్ పెట్టి..." అంటున్నాడు.

"ఏడ్చాననే అనుకున్నాను," అందామె. లేచింది. చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, సీట్ల మధ్య తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఉమాపతి వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. తెర మీద మొదటి క్షణంలోనే అతనికి సంగతి అర్థమైపోయింది. కంటిలో కదిలే వెలుగు చుక్క మెరుపే. చెంప మీద జారే నీటి చార కూడా మెరుపే. లైట్ల ముందు రేకులూ, లెన్సు ముందు ఫిల్టరూ ఏ మెరుపునీ వదల్లేదు. గోడ మీది నిగారింపుతో పాటు వాటినీ తుడిచేశాయి.

లేచి ఆ మాట చెప్పాలి. లేవలేదు. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పక్కకి చూశాడు. కరీముల్లా మాస్టారు అతన్నే చూస్తున్నాడు. ఆ చూపు కాసేపు అలాగే ఉంచి, తర్వాత గొడుగు తీసుకుని ఆయన కూడా వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఉమాపతి మాస్టారింటికి వెళ్ళాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. మాస్టారు ముందు గదిలో చాప మీద కూర్చుని తడిసిన గొడుగు ఊచలు తుడుస్తున్నాడు.

"రా," అన్నాడు.

ఉమాపతి కూర్చున్నాడు. ఏం చేశాడో చెప్పాడు. ఎన్ని రేకులు, ఎక్కడ కట్టిందీ, ఫిల్టరు ఎంత తిప్పిందీ, అంతా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఉండగా గొంతులో కొంచెం పాత పట్టుదల వచ్చింది.

"కానీ మాస్టారూ, ముఖం స్పష్టంగా కనబడాలనే కదా వాళ్ళడిగింది. అద్దం మీద మెరుపు ఉంటే అది మాత్రం తప్పు కాదా? ఫిల్టరు పని అది సరిగ్గానే చేసింది."

మాస్టారు ఊచలు తుడవడం ఆపలేదు.

"దర్శకుడికి చెప్పమంటారా?" అన్నాడు ఉమాపతి.

మాస్టారు గొడుగు గోడకి ఆనించి, "నేను సినిమాకి రాకముందు ఏం చేసేవాణ్ణో తెలుసా నీకు?" అన్నాడు.

"నాటకాలకి లైట్లు వేసేవారని విన్నాను."

"ఆ మాణిక్యాంబ అక్కయ్య కంపెనీలోనే. ఆమెకో కొడుకు ఉండేవాడు. మెదడువాపు వచ్చి గుంటూరు ఆస్పత్రిలో చేర్చారు. చెల్లెలి దగ్గర వదిలి ఒప్పుకున్న నాటకం ఆడటానికి వచ్చింది. మధ్యలో కబురొచ్చింది. నేనే తోడు వెళ్ళాను."

వాన చూరు మీంచి కారుతోంది.

"వేషం మార్చుకోలేదు. చమ్కీల చీర. ముఖాన రంగు. మేం వెళ్ళేసరికే పిల్లాణ్ణి బయటికి తెచ్చి పడుకోబెట్టారు. ఆమె అట్లా నిలబడిపోయింది. చుట్టాలందరూ చీర చూశారు. రంగు చూశారు. ఈవిడ ఏడవలేదన్నారు. వాళ్ళు అన్నారు, ఊరంతా అంది. చాలా ఏళ్ళు అంది."

ఉమాపతికి థియేటర్లో ఆమె అడిగిన మాట మళ్ళీ చెవిలో పడింది.

మాస్టారు లేచి వెళ్ళి బల్లదీపం తెచ్చి తన పక్కన పెట్టుకున్నాడు. కళ్ళజోడు తీశాడు.

"రేకు ముక్క ఉందా నీ దగ్గర?"

ఉమాపతి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి ఇచ్చాడు. మాస్టారు దాన్ని దీపం ముందు పట్టుకున్నాడు.

"ఫిల్టరు తియ్యి. దాంట్లోంచి నన్ను చూడు."

ఉమాపతి ఫిల్టరు కంటికి ఆనించుకున్నాడు. దీపం వెలుతుర్లో మాస్టారి ముఖం దగ్గరగా ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. ఒక చెంప మీద అప్పటికే తడి చార గడ్డం దాకా దిగింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

"తిప్పు."

ఉమాపతి వేళ్ళు ఫిల్టరు అంచుని తిప్పాయి. చెంప మీద చార సన్నబడింది. మాసిపోయింది. కళ్ళలో దీపం చుక్కలు రెండూ ఆరిపోయాయి. ఎదురుగా ఒక ముసలి ముఖం, పొడిగా, నిర్జీవంగా అతనివైపు చూస్తోంది. శవాన్ని కూర్చోబెట్టినట్టుంది.

"నేను ఏడుస్తున్నానా?" అన్నాడు మాస్టారు.

గొంతు మాత్రం వణుకుతోంది.

ఉమాపతి ఫిల్టరు కిందికి దించాడు. మాస్టారు రేకు అతని చేతిలో పెట్టి, దీపం ఆర్పేశాడు.

"పొద్దున రైలుకి ఆమె తెనాలి వెళ్ళిపోతోంది," అన్నాడు చీకట్లోంచి.

*

మాణిక్యాంబ చిక్కడపల్లిలో ఒక మేడమీది గదిలో దిగింది. ఉమాపతి వెళ్ళేసరికి తెల్లవారి కాసేపే అయింది. ముసురు ఇంకా వదల్లేదు. ఆమె పక్కబట్టలు చుట్టి తాడు కడుతోంది. అతన్ని చూసి ఎవరో పోల్చుకోవడానికి కొంచెం టైం పట్టింది.

"కెమెరా అబ్బాయివి కదూ. రా నాయనా. రిక్షా కోసం చూస్తున్నాను."

అతను గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. దారి పొడుగునా ఎన్నోసార్లు మననం చేసుకున్న మాటల్లా కాకుండా, తడబడుతూ చెప్పాడు. అద్దం మీద మెరుపు పోవాలని లైట్లకి ఏవో కట్టాననీ, దాంతో ఆమె కన్నీళ్ళు కూడా ఫిల్ములో పడకుండా పోయాయనీ, తప్పంతా తనదనీ.

ఆమె తాడు ముడి వేస్తున్న చేతులు ఆపి వింది. రేకులూ, ఫిల్టర్లూ ఆమెకి అర్థం కాలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. విన్నదాన్ని మనసులో ఒకసారి తిప్పి చూసుకుని, తనకి కావలసింది మాత్రం ఏరుకుంది.

"అయితే ఏడ్చానన్నమాట."

"ఏడ్చారమ్మా."

"నువ్వు చూశావా?"

ఉమాపతి నోరు తెరిచాడు. చూశానని చెప్పడం ఎంత తేలిక. ఆమె కళ్ళు ఆ ఒక్క మాట కోసమే అతని ముఖం మీద ఆగి ఉన్నాయి. ఆవేళ ఆమెకి అందరికన్నా ఎదురుగా ఉన్నవాడు తనే. కన్ను ఆమె ముఖం మీదే ఉంచవలసిన పనిలో ఉన్నవాడు తనే.

"లేదమ్మా," అన్నాడు. "నేను అద్దం చూస్తున్నాను."

ఆమె తల వంచుకుంది. కింద వీధిలో రిక్షా వచ్చి ఆగిన చప్పుడైంది. రిక్షా అతను గంట కొట్టాడు. ఆమె కదలలేదు.

"అబద్ధం చెప్తావేమో అనుకున్నాను," అంది చివరికి. చుట్టిన పక్క మీద తను కూర్చుంటూ, "కూర్చో," అని నేల చూపించింది.

అతను కూర్చున్నాడు.

"వాడి పేరు చలపతి," అంది. "ఆరో తరగతి. నాటకాలకి వెంట వచ్చేవాడు. తెర వెనకాల బట్టల పెట్టె మీద పడుకుని, రాజు కిరీటం పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయేవాడు. కిరీటం కోసం వేషగాడు వచ్చి లేపితే ఇచ్చేవాడు కాదు. ఒకసారి రాజు ఉత్త తలపాగాతో స్టేజీ ఎక్కాడు."

ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే పోయింది.

"జ్వరం అన్నారు. రెండ్రోజులు చూసి తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్ళాం. నేను వెళ్ళి నాటకం ఆడి వచ్చేస్తానురా అంటే వాడు ఊఁ అన్నాడు. నా చెల్లెలు చెప్పింది తర్వాత. ఆ వార్డుకి అద్దాల తలుపు ఉందట. ఎవరు నడిచినా నీడ కనబడేదట. నీడ పడినప్పుడల్లా తల ఎత్తి చూశాడట."

రిక్షా గంట మళ్ళీ మోగింది.

"నేను రెండో అంకంలో ఉన్నాను అప్పుడు. నవ్వించే అంకం. జనం తెగ నవ్వారు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. వాన వెలుతురు బూడిదరంగులో ఆమె ముఖం మీద పడుతోంది.

"మీరు ఆ అద్దం అవతల నిలబడమన్నారు చూడు. అందుకే ఒప్పుకున్నాను నాయనా. లేకపోతే నాకు సినిమాలు ఎందుకు? ఒక్కసారి అక్కడ నిలబడాలి అనుకున్నాను. నిలబడ్డాను. మాట మాత్రం రాలేదు. వచ్చానురా అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

కళ్ళు నిండాయి. నీళ్ళు రెప్ప అంచున ఆగి వణికాయి. కిటికీ మొత్తం, ఊచలతో సహా, వాటిలో చిన్నగా కనబడింది. అవి ఒకదాని వెనక ఒకటి జారాయి. చెంపల మీది ముడతల్లోకి దిగి, అక్కడ దారి తప్పి, మళ్ళీ పెదవి పక్కన కలిశాయి. ఆమె తుడుచుకోలేదు. శబ్దం చెయ్యలేదు.

ఉమాపతికి చూపు తిప్పుకోవాలనిపించింది. ఆమెకి నీళ్ళు తెచ్చివ్వాలనీ, ఏదో ఒక ఓదార్పు మాట అనాలనీ అనిపించింది. ఏమీ చెయ్యలేదు. ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. అంతసేపూ అతను చూశాడు.

రిక్షా ఎప్పుడు వెళ్ళిపోయిందో ఇద్దరికీ తెలియలేదు. రైలు కూడా వెళ్ళిపోయే ఉంటుంది.

తర్వాతి రైలుకి అతనే సామాను మోసుకెళ్ళి ఎక్కించాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలేటప్పుడు, "మళ్ళీ తియ్యమంటే రానని చెప్పు మీ వాళ్ళకి," అంది. "ఇక లేవు."

*

ఉమాపతి స్టూడియోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వేరే సెట్టు మీద పని జరుగుతోంది. మాస్టారు కెమెరా వెనకాల వంగి ఉన్నాడు. విశ్వం అతన్ని చూస్తూనే లేచాడు.

"పొద్దున్నుంచీ ఎక్కడ తగలడ్డావయ్యా? అసిస్టెంటు లేక ఇక్కడ మనుషులు చస్తున్నారు."

ఫ్లోరు మీద అందరూ ఉన్నారు. ఆవేళ కళ్ళు తుడుచుకున్న లైటు మనిషి కూడా పైన ఉన్నాడు.

"ఆస్పత్రి షాటులో మాణిక్యాంబ గారు ఏడ్చారు సార్," అన్నాడు ఉమాపతి. అందరికీ వినబడేట్టే అన్నాడు. "మీరంతా చూసింది నిజమే. నేను ఫిల్టరు పెట్టి అది కనబడకుండా చేశాను. మాస్టారు లైట్లు కదపొద్దని చెప్పి వెళ్ళారు. నేనే కదిపాను. థియేటర్లో తెలిసి కూడా చెప్పలేదు."

విశ్వం ముఖం నల్లబడింది. అతనికి తను అన్న మాటలు గుర్తొచ్చాయి కాబోలు.

"ఆవిడ ఎక్కడుంది?"

"వెళ్ళిపోయారు సార్. మళ్ళీ రానన్నారు."

"అయితే ఆ సీను పోయినట్టే."

పైకప్పు రేకుల మీద వాన చప్పుడు పెద్దదవుతోంది. విశ్వం కుర్చీలో కూలబడి, ఉమాపతికేసి చూడకుండానే చెయ్యి తలుపు వైపు ఊపాడు.

"వెళ్ళు. ఈ సినిమా అయ్యేదాకా నా ఫ్లోరు మీద కనబడకు."

ఉమాపతి చేతులు జోడించాడు. వెనక్కి తిరిగాడు. మాస్టారు తన తరఫున ఒక్క మాట అంటాడని అతను ఎదురుచూడలేదు. ఆయన అనలేదు కూడా.

కోపం ఇంకా తీరక విశ్వం మాస్టారి మీద పడ్డాడు. "ఏళ్ళ తరబడి మీ దగ్గర పని చేస్తున్నాడు కదండీ. మీరేం నేర్పారు మాస్టారూ వీడికి? పైగా ఇవాళ పని కూడా ఎగ్గొట్టి తిరుగుతున్నాడు."

మాస్టారు వ్యూఫైండర్ మీంచి కన్ను తియ్యలేదు.

"ఎగ్గొట్టలేదు," అన్నాడు. "ఇవాళే చేరాడు."